ఎర్రమ్మ నీళ్ళ మూకుడు

(మహిళా సంఘాల పెరటి కోళ్ళ శిక్షణ చివరి రోజున, పశ్చిమ గోదావరి డెల్టాలోని ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా రాసినది.)

అందరికీ నమస్కారం అండి. ముందుగా ఒక మనవి. ఇప్పుడు నాలుగున్నర అయింది. ధనుర్మాసం, పొద్దు తొందరగా వాలిపోతుంది. నేను ఐదుంబావుకల్లా లేవాలి. ఎందుకన్నది మాటల్లో మీకే తెలుస్తుంది.

పొద్దున డాక్టరుగారు వనరాజా, గ్రామప్రియ పిల్లల గురించి చెప్పారు. రెండూ మన హైదరాబాదులో, రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైన రకాలే. టీకాల గురించి కూడా చెప్పారు. నేను డాక్టర్ని కాదు. ముప్ఫై ఏళ్ళు చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించి రిటైరయ్యాను. మరి నన్నెందుకు పిలిచారంటే, మా ఇంట్లో నాలుగేళ్ళుగా రెండు కళ్ళూ లేని కోడి ఒకటి ఉంది. ఎర్రటి నాటు పెట్ట. పుంజుల భాషలో చెప్పాలంటే డేగ రంగు. పేరు ఎర్రమ్మ.

దాన్ని కూడా తీసుకురమ్మని అడిగారు. తీసుకురాలేదండి, ఏమీ అనుకోకండి. మా వసారా దానికి అడుగడుగునా తెలుసు. ఈ హాలు తెలియదు. ఇన్ని గొంతులు, ఇన్ని అడుగులు, పైన ఫ్యాను చప్పుడు. గంపలోంచి తీసి ఇక్కడ వదిలితే కదలకుండా ముడుచుకుని కూర్చుంటుంది. అది చూసి మీరు గుడ్డి కోడి అంటే ఇంతే కాబోలు అనుకుంటారు. ఇంటి దగ్గర అది అలా ఉండదు.

దాని కళ్ళు పోవడంలో నా తప్పు ఉంది. అది ముందు చెప్పాలి. మీ చేతుల్లో ఇప్పుడు ఇరవై ఇరవై పిల్లలున్నాయి కాబట్టి చెప్పాలి.

మా ఇంట్లో కొక్కెర తెగులుకి టీకా వేయించడం అలవాటే. పిల్లలకి మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, రెండు నెలలప్పుడు సూది. అది చాలుననుకున్నాను. మశూచికి వేరే టీకా ఉంటుందని, ఆరేడు వారాల వయసులో రెక్క పొరలో గుచ్చి వేస్తారని తెలిసి కూడా, మన పెరట్లో ఎప్పుడూ రాలేదు కదా అని ఊరుకున్నాను. ఆ ఏడు వానాకాలం కాలవలో నీళ్ళు నిలిచి, దోమలు ఎక్కువయ్యాయి. మశూచి కోడి నుంచి కోడికి దోమల మీదే ఎక్కువగా పోతుంది. తురాయి మీద చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. తరవాత కళ్ళ రెప్పల మీద.

ఊళ్ళో పెద్దవాళ్ళు "అమ్మవారు పోసింది, ముట్టుకోకు" అన్నారు. అమ్మవారి మీద నాకు భక్తి లేక కాదు. జాతరకి వెళ్తాను, పసుపు కుంకుమ ఇస్తాను. కానీ ఇది వైరస్సండి. కోళ్ళకి వచ్చేది మనుషులకి రాదు. మామూలుగా రెండు మూడు వారాల్లో పొక్కులు ఎండి రాలిపోతాయి కూడా. చాలా కోళ్ళు మశూచితో చావవు. కళ్ళు అంటుకుపోయి, మేత కనపడక, ఆకలితో చస్తాయి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే నేనివాళ వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

నేను మూడు రోజులు గమనించలేదు. గంపలో గింజలు వేస్తున్నాను, సాయంత్రం చూస్తే గింజలు తగ్గాయి. తిన్నదనుకున్నాను. పక్క కోళ్ళు తిన్నాయి. నాలుగో రోజు చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. వంటింటి త్రాసులో పెడితే కిలో వంద గ్రాములు. జబ్బుకి ముందు కిలోన్నర పైన ఉండేది.

అప్పుడు 1962కి ఫోన్ చేశాం. పశువుల సంచార వైద్యం బండి వచ్చింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దూది తడిపి, రెప్పల మీద పెట్టి, పొక్కు నానిన తరవాత దానంతటది ఊడితేనే తియ్యమన్నారు, గిల్లొద్దన్నారు. పూత మందు ఇచ్చారు. అప్పటికే లోపల చీము గట్టిపడి సున్నం ముద్దలా అయిపోయింది. పొక్కులు రాలాక చూస్తే ఒక కన్ను కుంచించుకుపోయింది, రెండోది తెల్లగా పాలకాయలా ఉంది. అదే మొదటి రోజునే కడిగి ఉంటే కనీసం ఒక కన్నైనా మిగిలేది.

"కోసుకుతినకుండా దీన్నేం చేసుకుంటారు?" అని చాలామంది అడిగారు. అడగడంలో తప్పు లేదు. పెరట్లో కోడి అంటే గుడ్డు, కూర, అవసరానికి నాలుగు డబ్బులు. నేనూ కూర తినేదాన్నే. కానీ అది నా వల్ల కళ్ళు పోగొట్టుకుంది. పైగా అది తినాలని చూస్తోంది. నా వేలు ముక్కుకి తగిలితే పొడిచేది. బతకాలని పొడుస్తున్న దాని మెడ మీద నాకు చెయ్యి పడలేదు.

మా ఇంటాయన ఒకప్పుడు పుంజులు పెంచిన మనిషి. సంక్రాంతి పుంజుకి ఈ జిల్లాలో బాదం పప్పులు పెడతారు, వేన్నీళ్ళ కాపడం పెడతారు, మీకు తెలియనిదేం కాదు. ఆ చేతులకి కోడిని పట్టుకోవడం తెలుసు. రెక్కలు రెండూ ఒంటికి ఆనించి, చంకలో ఇరికించుకుని, కాళ్ళు వేళ్ళ సందున పట్టుకుంటే కోడి గింజుకోదు. మేత పట్టడం ఆయనే నేర్పారు. తవుడు, నూకల అన్నం కలిపి మెత్తగా పిసికి, ముక్కు కొసకి తాకించాలి. కోడి ముక్కు కొసలో స్పర్శ చాలా ఎక్కువ, మన వేలి కొసలాంటిది. మేత తగిలిందని తెలియగానే అదే పొడుస్తుంది. నీళ్ళు మాత్రం ఎప్పుడూ నోట్లో పొయ్యకండి. కోడికి గాలి గొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మంచి మనసుతో చంపుకున్నట్టవుతుంది. ముక్కు కొస నీళ్ళలో ముంచితే చాలు, ముక్కు రంధ్రాల దాకా కాదు, కొస ఒక్కటే. తల పైకెత్తి అదే తాగుతుంది.

పది రోజుల్లో అది నా చెయ్యి వదిలి మూకుట్లోంచి తినడం మొదలెట్టింది. అసలు పాఠం అక్కడినుంచే.

చూపున్న కోడికి మనం గింజలు చల్లుతాం. అది ఏరుకుంటుంది. గుడ్డి కోడికి చల్లితే పది పోట్లలో తొమ్మిది నేలకే తగులుతాయి. మేత లోతుగా ఉండాలి. అంచు ఉన్న బరువైన మట్టి మూకుడులో రెండంగుళాల మందాన తడిపొడి దాణా పోస్తే, ఎక్కడ పొడిచినా నోటికి అందుతుంది. మాది నాటు పెట్ట, రోజుకి ఎనభై తొంభై గ్రాములు తింటుంది. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేస్తాను. తూలి పడినా మునగదు, రాళ్ళ మీద ముక్కు తగిలిన చప్పుడుకి నీళ్ళెక్కడున్నాయో దానికి తెలుస్తుంది. రెండు మూకుళ్ళూ గోడకి ఆనించి, జానెడు దూరంలో పక్కపక్కనే. గోడ వెంబడి నడిస్తే రెండూ దొరుకుతాయి.

ఆ మూకుళ్ళు కదపకూడదు.

ఇది చెప్పడం తేలిక, చెయ్యడం చాలా కష్టం. రెండేళ్ళ కిందట మే నెలలో మా మనవడు వచ్చాడు. ఎండ పడుతోందని, పాపం కోడికి వేడి నీళ్ళవుతాయని, నీళ్ళ మూకుడు రెండడుగులు నీడలోకి జరిపాడు. వాడిది మంచి ఉద్దేశమే. నేను పెళ్ళికి వెళ్ళి సాయంత్రం వచ్చాను. ఎర్రమ్మ పాత చోటులో నిలబడి నోరు తెరిచి రొప్పుతోంది. నేలంతా ముక్కుతో పొడిచిన గుర్తులు. రెండడుగుల అవతల నిండు మూకుడు. మామూలు రోజుల్లోనే కోడి ఒంటి వేడి మనకంటే ఎక్కువ, 41 డిగ్రీల పైన. దానికి చెమట పట్టదు, రొప్పే చల్లబడాలి. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే పోయేది. నీళ్ళ వాసన పట్టలేదా అని మనవడు ఏడ్చాడు. వాడికి చెప్పాను, నాయనా, దాని దృష్టిలో మూకుడు జరగలేదు, మాయమైపోయింది అని.

అప్పటినుంచి ఎండాకాలం మూకుడు జరపం, దాని మీద గోనెపట్టా కడతాం. నీడే మూకుడు దగ్గరికి వస్తుంది. వసారాలో కుర్చీ ఎక్కడుందో అక్కడే. చెప్పులు గుమ్మం బయటే. చీపురు తలుపు వెనకే. కొత్తగా గ్యాసు బండ వస్తే దాని దారిలో పెట్టం. మా ఇంట్లో నలుగురం ఉన్నాం, నలుగురమూ దానికోసం మా అలవాట్లు మార్చుకున్నాం. గుడ్డి కోడిని పెంచడమంటే నూటికి తొంభై పాళ్ళు ఇదేనండి. మందులూ మాకులూ తక్కువ.

ఇంకొకటి, ముందు మాట, తరవాత చెయ్యి. పైనుంచి చడీచప్పుడు లేకుండా మీద పడేది కోడికి ఒక్కటే, గద్ద. మాట్లాడకుండా మీరు చెయ్యి వేస్తే దాని ప్రాణానికి మీరు గద్దే. నేను వసారాలోకి అడుగుపెట్టగానే "ఎర్రమ్మా" అంటాను, మూకుడు అంచు మీద వేలితో రెండుసార్లు కొడతాను. ఇప్పుడా చప్పుడుకి పరుగెత్తుకొస్తుంది. పరుగేనండి, తల కొంచెం కిందకి వంచి, ముక్కు ముందుకి పెట్టి. కోడికి చెవి గొప్పది. మనకి చెవి లోపలి సన్నటి వెంట్రుక కణాలు ఒకసారి పోతే మళ్ళీ రావు, అందుకే ముసలితనంలో చెవుడు. కోళ్ళకి పోయినవి తిరిగి పుడతాయి. ఈ సంగతి శాస్త్రవేత్తలు 1988 ప్రాంతంలో బయటపెట్టారు. ఆ మాట చదివిన రోజు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. దీనికి కళ్ళు పోయినా, ముసలిదైనా నా పిలుపు వినపడుతూనే ఉంటుంది.

మందలో మాత్రం వదలకండి. కోళ్ళు చెడ్డవి కావు, కానీ వాటికి వరుస ఉంటుంది, పైది కిందదాన్ని పొడుస్తుంది. పొడవబోతుంటే చూపున్న కోడి తప్పుకుంటుంది, గుడ్డిది తప్పుకోలేదు. పుంజు సంగతీ అంతే, ఎక్కబోతోందని తెలియక వీపు చీలిపోయేలా దెబ్బ తింటుంది. అలాగని ఒంటరిగా పెడితే దిగులు పెట్టుకుని మేత మానేస్తుంది. మొదట వల అడ్డం కట్టి, మిగతా కోళ్ళ చప్పుడు వినపడేలా ఉంచాను. తరవాత మా తెల్ల ముసలి పెట్టని తోడు వదిలాను. అది ఎవరినీ పొడవదు. అది నేల గీరితే ఆ చప్పుడు విని ఎర్రమ్మ వెళ్ళి పక్కనే గీరుతుంది. చెదపురుగులు దొరికినప్పుడు తెల్లది "కొక్ కొక్ కొక్" అంటుంది చూడండి, పిల్లల్ని పిలిచినట్టు, ఆ పిలుపుకి ఇది వెళ్తుంది.

(సభలోంచి ఒకరు: గుడ్లు పెడుతుందా అమ్మా?)

పెడుతుందమ్మా. అది చెప్పాల్సిందే. కళ్ళు పోయాక మూడు నెలలు ఆపేసింది, ఒంట్లో సత్తువ లేక. తరవాత మొదలెట్టింది. గుడ్డిదానికి పగలు, రాత్రి ఎలా తెలుస్తుందని నాకు ఆశ్చర్యం. డాక్టరుగారిని అడిగితే చెప్పారు, కోడికి వెలుతురు కళ్ళతోనే కాదు, పుర్రెలోంచి దిగి మెదడుకే నేరుగా తగులుతుందిట. గుడ్లు పెట్టే కాలాన్ని నడిపేది ఎక్కువగా ఆ వెలుతురే. స్మోకీ జో అని జన్యువుల వల్లే చూపు పోయే కోళ్ళ జాతి ఒకటుంది. కెనడాలో వాటిని పెట్టి చూస్తే, పగటి పొద్దు పెంచగానే చూపున్న వాటిలాగే గుడ్లకి వచ్చాయిట. కాబట్టి గుడ్డి కోడే కదా అని చీకటి కొట్లో పెట్టకండి. దానికి ఎండ తెలుస్తుంది. పొద్దున ఎండలో రెక్క చాపుకుని ఒక పక్కకి ఒరిగి పడుకుంటుంది ఎర్రమ్మ. అంత సుఖంగా పడుకునే ప్రాణిని మా ఇంట్లో నేను వేరే చూడలేదు.

పోయిన ఏడాది అది పొదుగుడుకొచ్చింది. గుడ్లు తీసేసినా లేవదు. నాకు భయం, పిల్లల్ని తొక్కేస్తుందేమోనని. మా ఇంటాయన "దాని కడుపుకోరిక, నాలుగు పెట్టు" అన్నారు. తట్టలో గడ్డి వేసి ఐదు పెట్టాం. రోజుకొకసారి లేవదీసి మూకుడు దగ్గరికి తీసుకెళ్ళడం, మళ్ళీ తట్ట అంచు ముక్కుకి తాకించడం. మూడో రోజునుంచి తనే వెళ్ళి తనే వచ్చేది, గోడ పట్టుకుని.

ఇరవయ్యో రోజు రాత్రి చెవి పెట్టి వింటే గుడ్డులోంచి "కీచ్ కీచ్". లోపలున్న పిల్ల అరుస్తుంది, తల్లి బయటినుంచి సన్నగా గుర్రుమంటుంది. చూపున్న తల్లి అయినా ఆ వేళ పిల్లని చూడలేదు కదండీ, పెంకు అడ్డం. మా ఇంటాయన, నేను దీపం తీసేసి చీకట్లో కూర్చుని విన్నాం. ఇరవై ఒకటో రోజుకి నాలుగు వచ్చాయి, ఒకటి పాడు గుడ్డు. ఆ నాలుగింట్లో ఒకటి రెండో రాత్రి తల్లి కాలి కింద పడి పోయింది. నేను భయపడ్డదే జరిగింది. దాచను. తరవాత తట్టని వెడల్పుది మార్చి, గడ్డి తగ్గించి ఊక పోశాను. మిగతా మూడూ బతికాయి. తల్లి మూకుడులో పొడుస్తూ "కొక్ కొక్" అంటే పిల్లలు వచ్చి అక్కడే నేర్చుకున్నాయి. నెల తిరిగేసరికి తమాషా ఏమిటంటే, అవి ముందు నడిస్తే వాటి అరుపుల వెంట ఇది పెరడంతా తిరిగొచ్చేది. అంతకుముందు నాలుగు గజాలు దాటి వెళ్ళని కోడి.

కొన్ని చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను. గీరడం తక్కువ కాబట్టి గోళ్ళు పెరుగుతాయి, కొస మాత్రమే కత్తిరించాలి, లోపల నెత్తురు గీత కనపడుతుంది, దాని జోలికి పోవద్దు. ఎత్తు కర్ర మీద ఎక్కించకండి, దూకితే పాదం పగిలి చీము పడుతుంది. బూడిద, ఇసుక కలిపిన తట్ట ఒకటి మూలన ఉంచితే పొర్లి పేలు పోగొట్టుకుంటుంది. రాత్రి మెడ కింద మేత తిత్తిని తడమండి, నిండుగా ఉండాలి. పొద్దున్నే ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగా ఉంటే డాక్టరుకి చూపించాలి. పక్షానికొకసారి తూకం వెయ్యండి, ఈకల మీద నమ్మకం పెట్టుకోకండి, ఈకలు ఎంత బక్క కోడినైనా లావుగా చూపిస్తాయి. రాత్రి దోమతెర కట్టండి. మా ఇంట్లో ఇప్పటికీ ముందు కోళ్ళకి కట్టాకే మాకు.

కళ్ళు పోకుండా చూసుకోవడం గురించి కూడా. మునగాకు, బొప్పాయి, పచ్చ మొక్కజొన్న పెడితే విటమిన్-ఎ లోటు రాదు, ఆ విటమిను లేకపోయినా కళ్ళలో తెల్లటి ముద్ద కడుతుంది. గూట్లో ఊక తడిసి ఘాటు వాసన వస్తే ఆ రోజే తీసెయ్యండి. ఆ ఘాటుకే కళ్ళు పుండవుతాయి. మనం నిలబడి వాసన చూస్తాం, దాని తల ఉండేది మన మోకాలి కింద. గూట్లో కూర్చుని చూడండి ఒకసారి. చూపుందో లేదో తెలియాలంటే గాలి తగలకుండా వేలు నెమ్మదిగా కంటి దగ్గరికి తేవాలి, ఒక్కో కన్ను విడివిడిగా. రెప్ప వెయ్యకపోతే అనుమానించాలి. ఒక కన్ను పోతే అది ఏ కన్నో చూడండి. గుడ్డులో పడుకునే తీరు వల్ల వెలుతురు కుడి కంటికే తగులుతుంది. అందుకని గింజలు ఏరడానికి కుడి కన్ను, గద్దని కనిపెట్టడానికి ఎడమ కన్ను ఎక్కువ వాడతాయి. కుడిది పోతే మేత దగ్గర, ఎడమది పోతే ఆరుబయట మనం ఎక్కువ కాచుకోవాలి.

ఒకేసారి నాలుగైదు కోళ్ళకి కళ్ళూ ముఖం వాచి, చావులు మొదలైతే మాత్రం ఇంటి వైద్యం పెట్టుకోకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టపోయామో చూశాం. ముట్టుకోకుండా డాక్టరుకి చెప్పాలి. అలాగే గుడ్డి కోడినల్లా బతికించి తీరాలని నేననను. కంటి పాప చుట్టూ ఉండే రంగు వలయం బూడిద రంగుకి తిరిగి, ఒక కాలు ముందుకి ఒకటి వెనక్కి చాపి పడిపోయిందంటే అది మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు, దానికి మందు లేదు. నొప్పితో ముడుచుకుని, చేతి మేత కూడా వద్దంటున్న దాన్ని బాధ పెట్టి నిలబెట్టడం ప్రేమ కాదు. ఆ మాట డాక్టరుని అడిగి నిర్ణయం తీసుకోండి. ఎర్రమ్మ తింటానంది కాబట్టి నేను పెట్టాను.

కిటికీ మీద ఎండ పైకెక్కేసింది, టైమయింది. ఈ వేళకి అది వసారా తూర్పు మూలకి వెళ్ళి, గోడకి ఒళ్ళు ఆనించి నిలబడి ఉంటుంది. పొద్దు వాలుతోందని దానికి తెలుసు. రోజూ నేనే "బ.. బ.. బ.." అని పిలిచి, ఎత్తి గంప కింద పెడతాను. ఒకరోజు మా కోడలు పెట్టబోతే చేతిలో ఒదగలేదు, నేను వచ్చేదాకా అక్కడే నిలబడింది. ఇంకా అడగాలనుకున్నవాళ్ళు రేపు పొద్దున మా ఇంటికి రండి, కాలవ వంతెన దాటాక రెండో ఇల్లు. గేటు తీసేముందు మాత్రం గట్టిగా పిలవండి. లోపలికి వచ్చాక చెప్పులు గుమ్మం బయట వదలండి. వస్తానండి.